ఆడకపోతే అరగదు

2025 జూన్ 5న నింటెండో కంపెనీ ఆటల యంత్రం స్విచ్ 2 బజారులోకి వచ్చింది. అప్పటి వెల అమెరికాలో 449.99 డాలర్లు. నాలుగు రోజుల్లో ప్రపంచమంతా కలిపి 35 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లంతా ఇంటికెళ్లి ఆట మొదలుపెట్టారని అనుకుంటే మీకు లోకం తెలీదన్నమాట. ముందు టెంపర్డ్ గ్లాస్ అంటించాలి. దుమ్ము కణం పడకూడదు గనుక స్నానాలగదిలో వేణ్ణీళ్లు వదిలి, ఆవిరి పట్టించి, తలుపు గడియ వేసుకుని, ఊపిరి బిగబట్టి మరీ అంటించాలి. ఆపైన వీపుకో తొడుగు, స్టిక్కులకి రబ్బరు టోపీలు, అన్నిటినీ కలిపి పెట్టుకోవడానికి గట్టి కేసు. ఇంత జరిగాక పిల్లాడు చెయ్యి చాస్తే "ముట్టుకోకు!" అని కేక. మడి కట్టుకుని ఆవకాయ జాడీకి కాపలా కాసిన అమ్మమ్మలు ఇంతకన్నా ఉదారులు. ఆ ఆవకాయని ఎప్పుడో ఒకప్పుడు వడ్డించేవారు.

తెర మీద కంపెనీవారే పల్చటి పొర ఒకటి అంటించి పంపారు, పగిలితే ముక్కలు చెదరకుండా. దాన్ని పీకొద్దని రాసి కూడా ఇచ్చారు. సోఫా కవరూ, రిమోట్ కవరూ వాటంతటవే చిరిగి ఊడిపోయేదాకా తియ్యని మనవాళ్లకి ఆ హెచ్చరిక అనవసరం.

ఇంత భయమెందుకని నవ్వేముందు, భయం నేర్పిన గురువుగారెవరో చూడాలి. 2017లో వచ్చిన మొదటి స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్‌లో, బొటనవేలితో తిప్పే స్టిక్కు కింద, కార్బన్ పూత పూసిన పట్టీ ఉంటుంది. దాని మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోల వాల్యూమ్ మీట కింద ఉన్నదీ ఇదే ఏర్పాటు. కొన్నేళ్లకి తిప్పినప్పుడల్లా గరగరమనేది అందుకే. రాసుకున్నది అరుగుతుంది. అరిగాక, మీరు వేలు తీసేసినా తెర మీది వీరుడు తన దారిన తాను నడుచుకుంటూ లోయలో పడతాడు. దీనికి డ్రిఫ్ట్ అని పేరు. ఆడేవాడితో పనిలేకుండా తనే ఆడుకునే యంత్రాన్ని కృత్రిమ మేధ అని చెప్పి అమ్ముకోకపోవడం ఆ కంపెనీ నిజాయితీ అనుకోవాలి.

ఈ డ్రిఫ్ట్ మీద 2019లో అమెరికాలో దావా పడింది. 2020 జూన్‌లో వాటాదార్లు అడిగితే అధ్యక్షులు షుంటారో ఫురుకావా గారు వాడకందార్లకి కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. ఆ ఇబ్బంది సంగతి మాత్రం కోర్టులో ఉంది గనుక మాట్లాడలేమన్నారు. తప్పు ఒప్పుకోకుండా మన్నించమనడం ఎలాగో మన నాయకులు ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. యూరప్‌లో వినియోగదారుల సంఘాల సమాఖ్య బ్యూక్ దాదాపు 25,000 ఫిర్యాదులు మూటగట్టి 2021లో యూరోపియన్ కమిషన్ ముందు పెడితే, 2023లో అక్కడివాళ్లకి వారంటీ తీరిపోయినా ఉచితంగా బాగుచేస్తామని నింటెండోవారు ఒప్పుకున్నారు.

మందు లేని రోగమైతే సరే అనుకోవచ్చు. ఏ ముక్కా ఏ ముక్కకీ తగలకుండా అయస్కాంతంతో కదలిక పసిగట్టే హాల్ ఎఫెక్ట్ పద్ధతిని 1998లోనే సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్లో పెట్టింది. మరి 2025లో? స్టిక్కుల్ని మొదట్నుంచీ కొత్తగా తయారుచేశాం, అయితే అవి హాల్ ఎఫెక్ట్ రకం కావు అని నింటెండో ప్రతినిధే సెలవిచ్చారు. యంత్రాలు విప్పి పరీక్షించే ఐఫిక్సిట్ సంస్థవారికి మళ్లీ ఆ పాత రాపిడి ఏర్పాటే కనిపించింది. కొత్త కంట్రోలర్లో అయస్కాంతాలు లేవని మాత్రం అనకండి, ఉన్నాయి. కంట్రోలర్ కన్సోల్‌కి ఠక్కున అంటుకోవడానికి పెట్టారు! విడిగా జత కొనుక్కోవాలంటే విడుదలప్పుడు అమెరికాలో 94.99 డాలర్లు. అరిగేది అక్కడ, అమ్ముడయ్యేది ఇక్కడ. ఇంత చక్కటి లెక్క తెలిసినవాళ్లకి అయస్కాంతం ఎక్కడ పెట్టాలో తెలీదంటే నేను నమ్మను.

మన్నికంటే ఏమిటో వాళ్లకి తెలీక కాదు. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడికి కమిలిపోయిన వాళ్ల పాత ఆటయంత్రం గేమ్‌బాయ్ ఒకటి, పైపెంకు కరిగి వికారంగా మారినా, టెట్రిస్ ఆడుతూనే ఉండేది. దాన్ని న్యూయార్క్‌లోని సొంత దుకాణంలో ఏళ్ల తరబడి అందరికీ కనిపించేలా పెట్టుకున్నారు. గేమ్‌బాయ్‌కి ఈ స్టిక్కే లేదు కదా, అరిగేదేముందంటారా? న్యాయమే. అయినా బాంబుని ఓర్చుకున్న వంశంలో పుట్టి బొటనవేలికి లొంగిపోవడం కొంచెం నామోషీ.

పోనీ, బాగుచేసుకుందామా? విప్పి బాగుచేసే సులువుకి ఐఫిక్సిట్ మొదటి స్విచ్‌కి పదికి ఎనిమిది మార్కులేసి, తర్వాత పునరాలోచించి నాలుగుకి దించింది. కొత్తదానికి మూడు. ఫెయిలైన పిల్లాడు మరుసటేడు ఇంకా తక్కువ తెచ్చుకుంటే మనింట్లో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడ మాత్రం తల్లిదండ్రులే క్యూ కట్టి మరీ ఫీజు కట్టొచ్చారు. బ్యాటరీని గట్టి జిగురుతో అతికించారు. అంటే తెర మీద గీత పడకుండా మీరు ఆవిరిలో నిలబడి తంటాలు పడుతుంటే, లోపల బ్యాటరీ తన వయసు తాను లెక్కపెట్టుకుంటూ ఉంటుందన్నమాట. దాని మీదకి ఏ గ్లాసూ అంటించలేరు.

మన దేశంలో ఇంకో సుఖముంది. నింటెండో వారు ఇక్కడ అధికారికంగా స్విచ్ అమ్మరు. అయితే దొడ్డిదారిన దిగుమతైంది కొనాలి, లేదా డాలస్ నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో రావాలి. వారంటీ అక్కడే ఉండిపోతుంది. అంచేత ఎడం స్టిక్ దారితప్పిన రోజున బావగారి తిరుగు ప్రయాణం దాకా ఆగాలి. ఆ రోజు హాల్లో తూకం మిషన్ పెట్టి అక్కయ్య కందిపొడి, గోంగూర పచ్చడి, చేగోడీలు సర్దుతుంటుంది. మేనల్లుడు జాయ్‌కాన్‌ని రుమాల్లో చుట్టి పట్టుకుని పక్కన నిలబడతాడు.

"ఇదొక్కటీ పెట్టత్తా, బరువుండదు."

అక్కయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "ఇది బాగుచెయ్యడానికి అమెరికా దాకా వెళ్లాలిట్రా?" అని, చేగోడీల పొట్లం కిందకి తోసి జిప్ లాగేస్తుంది.