బతికుండగానే పోగులు

అమెరికాలో చిన్న రైతు తన గొడ్డును తనిఖీదారు నిలబడని చిన్న కబేళాలో కోయించుకుని ఇంటిల్లిపాదీ తినొచ్చు. అతిథులకూ పెట్టొచ్చు, వాళ్లు డబ్బివ్వనంత వరకు. పక్కింటాయనకు ఓ పౌను అమ్మితే మాత్రం తప్పు. పొట్లం మీదే ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర. అదే గొడ్డులో బతికుండగా పావు వాటా కొంటే ఏ తప్పూ లేదు, అప్పుడది ఆయన సొంత పశువు! మన ఊళ్లలో కోశాక పోగులేస్తారు. అక్కడ గడ్డి మేస్తుండగానే. (ఏ కాలు ఎవరిదో గొడ్డుకు చెప్పరు లెండి.) ఇదంతా ప్రజారోగ్యం కోసమట. 2018లో సాల్మొనెల్లా గొడవతో కోటి పౌన్లకు పైగా గొడ్డుమాంసాన్ని వెనక్కి రప్పించిన అరిజోనాలోని జేబీఎస్ మాంసం కంపెనీ ప్లాంటులో మాత్రం సర్కారు తనిఖీ ముద్రకు ఏ లోటూ లేదు.