ఓటుకు పుష్పకము

పార్లమెంటువారు 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించి, అందు 20ఎ అను నూతన సెక్షనును చేర్చి, పొట్టకూటికై సముద్రములు దాటిన భారతీయుడు పరదేశపు పౌరసత్వమును స్వీకరింపకుండినయెడల, తన పాస్‌పోర్టులో ఏ ఊరి పేరున్నదో ఆ ఊరి ఓటర్ల జాబితాలో స్థానము పొందవచ్చునని శాసించిరి. 2011 ఫిబ్రవరి నుండి ఈ వరము అమలులో నున్నది. ఇంతవరకు చదివినవానికి ఆనందబాష్పములు రాలవలసినదే. కాని వరమిచ్చునప్పుడు దాని వెనుకనే ఒక నియమమును గూడ తగిలించుట పురాణకాలము నుండి వచ్చుచున్న ఆచారము గదా! ఓటు వేయదలచినవాడు పోలింగునాడు స్వయముగా వచ్చి, అసలు పాస్‌పోర్టును చేతబట్టి, తన ఊరి బడిలోని బూతు ముందు వరుసలో నిలువవలెను. శుభలేఖను సప్తసముద్రముల కావలికి పంపి, విస్తరి మాత్రము ఇక్కడనే వేసి, వేళకు అందుకొనలేని బంధువును గూర్చి “పిలిచితిమి గదా, ఆయనకే తీరిక లేకపోయెను” అని నలుగురితో చెప్పుకొను గృహస్థుని మర్యాద ఎట్టిదో, ఈ చట్టపు మర్యాదయు నట్టిదే.

2024 మే 13వ తేదీన మన రాష్ట్రమున శాసనసభకును లోక్‌సభకును ఒక్కనాడే పోలింగు జరిగినది. ఆంధ్రప్రదేశపు జాబితాలలో ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు 7,927 మంది. వచ్చి ఓటు వేసినవారు 195 మంది. బొబ్బిలి ప్రాంతమున ఒక మోస్తరు పెండ్లిలో రెండవ బంతికి కూర్చుండువారు ఇంతకంటె నెక్కువ. దేశము మొత్తము మీద 1,19,374 మంది నమోదు కాగా 2,958 మంది వచ్చిరి; అందులోను 2,670 మంది కేరళీయులే. తెలంగాణమున ఒక్కడును వేయలేదు.

విజయనగరమున గంటస్తంభము దాపున సాయంకాలము చేరు విశ్రాంత ఉద్యోగుల సభలో ఈ విషయము నానని వారము లేదు. “ఇక్కడి రోడ్డు గుంటలో పడనివానికి, ఇక్కడి కందిపప్పు ధర తెలియనివానికి, ఇక్కడి ప్రభుత్వమును నిర్ణయించు హక్కేమి?” యని ఒక పెద్దమనిషి ధర్మశాస్త్రము చెప్పుచున్నంత గంభీరముగా వాదించును. ఆయన వాదము నాకును సమంజసముగనే తోచినది. పోలింగునాడు ఎండ మెండుగా నున్నదని ఆయన గడప దాటలేదనియు, బూతు ఆయన ఇంటికి నూరు గజముల దూరముననే యున్నదనియు తెలియువరకు తోచినది. దూరము చేత ఓటు చెడుననుట నిజమైనచో, అది ఎన్ని గజముల కడ చెడనారంభించునో ఆయననే అడిగి తెలిసికొనవలెను.

ఆయనతో తలపడు రెండవ పెద్దమనిషికి డల్లాసులో కుమారుడున్నాడు. ఆ కుమారుడు అమెరికా పౌరుడై చాలకాలమైనది గనుక, చేత ఓసీఐ కార్డున్నను, ఆయనకు ఇచట ఓటు లేదు. లేకపోవుట చేత ఆయనకు కలిగిన లోటు ఎంతటిదో నేను రెండు ఎన్నికలుగా పరిశీలించుచున్నాను. పోలింగుకు ఆరుమాసముల ముందు నుండియే ఆయన అక్కడి పార్కింగు స్థలములో జెండాలు కట్టిన కార్లను బారులు తీర్పించి, డ్రోనుతో ఫొటో తీయించి, మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టును. మాకు రాత్రి, ఆయనకు మధ్యాహ్నము అయిన వేళ తండ్రికి ఫోను చేసి, తల్లి ఓటు, పినతల్లి ఓటు, పాలు పోయువాని ఓటు, అంట్లు తోము దాని ఓటు ఎవరికి పడవలెనో పేరుపేరున నిర్దేశించును. తుదకు నెలదినముల సెలవుపై తానే దిగి, రామకోవెల ప్రాకారమునకు విరాళము ప్రకటించి, అభ్యర్థి జీపులో ముందు సీటున ఆసీనుడగును. పోలింగునాడు మాత్రము చట్టమునందలి గౌరవముచే బూతు గుమ్మము కడ ఆగిపోవును. ఆయన ఓట్లు పదునాలుగు లోనికి పోయి పడి వచ్చును. గురజాడవారి గిరీశము నేడు జీవించియుండినచో ఓటరు కార్డుకు అర్జీ పెట్టునా, ఓసీఐ కార్డుకు పెట్టునా యనునది విజయనగరమువారు ఆలోచింపనక్కరలేని ప్రశ్న.

ఓటునకు అర్హత యేది యను మీమాంస మా ప్రాంతమునకు క్రొత్తది కాదు. మదరాసు ప్రభుత్వమునకు ప్రధానిగా నుండిన బొబ్బిలి రాజావారు 1937 ఎన్నికలలో వరాహగిరి వేంకటగిరిగారి చేతిలో ఓడిపోయినప్పుడు, ఓటు వేసినవారు శిస్తు కట్టువారును, ఆస్తి గలవారును, చదువు వచ్చినవారును మాత్రమే. మిగిలినవారిలో వేలమంది అప్పటికే రంగమునకు పోయియుండిరి. రంగూను రేవులో బస్తాలు మోయుటకును, బియ్యపు మిల్లులలో చెమటోడ్చుటకును గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి ఓడలెక్కిన ఆ కూలీలు పరదేశమునకు పోవుచున్నామని అనుకొనలేదు. ఏలనన బర్మా అప్పుడు ఇండియాలోని ఒక రాష్ట్రమే. ఆ 1937 ఏప్రిల్ 1వ తేదీన దానిని విడదీసిరి. నిద్రించునప్పుడు స్వదేశమున నున్న కూలి, లేచునప్పటికి పరదేశమున నుండెను. తలక్రింది గోనె మాత్రము మారలేదు. ఇరువది సంవత్సరములకు, 1957లో, అదే గిరిగారు పార్వతీపురము లోక్‌సభ స్థానమును ఆరువందలకు లోపు ఓట్ల తేడాతో పోగొట్టుకొనిరి. ఆనాడు ఆ నియోజకవర్గపువారు ఎన్ని వందలమంది పరాయి ఊళ్లలో మూటలు మోయుచుండిరో లెక్క కట్టినవారు లేరు.

ఆస్తి గలవానికే ఓటను నియమమును స్వతంత్ర భారతము రద్దు చేసినదని పిల్లల పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. ప్రవాసికి మాత్రము దానిని స్వల్పముగా మార్చి నిలిపియుంచినారు: శిస్తు రసీదుకు బదులుగా విమానపు టిక్కెట్టు.

మా జిల్లాలో ఒకే ఇంట అన్న సైన్యమునను తమ్ముడు గల్ఫునను ఉండుట అరుదు కాదు. మంచుకొండ మీద కాపలా కాయు అన్నకు 2016 నాటి నిబంధనల వలన బ్యాలెట్టు పత్రము కంప్యూటరు ద్వారా చేరును. దానిని అచ్చు తీసి, గుర్తు పెట్టి, తపాలాలో వేయును. అది కుదరకున్నచో 2003 నాటి సవరణ వలన తన తరఫున మరియొకని చేత వేయించును. మస్కట్టులో వెల్డింగు చేయు తమ్మునకు ఆ పత్రమును పంపుటకు తాము సిద్ధమని ఎన్నికల సంఘమువారు 2020లో న్యాయశాఖకు జాబు వ్రాసిరి. ఆ జాబు నాటి నుండి న్యాయశాఖలో ప్రవాసజీవితము గడుపుచున్నది. రణస్థలము నుండి లండనుకు చదువబోయిన విద్యార్థి, కామన్వెల్తు పౌరుడగుట చేత, బ్రిటిషు పార్లమెంటు ఎన్నికలలో నమోదై తపాలా ద్వారా ఓటు వేయవచ్చును. ఎచ్చెర్ల శాసనసభ్యుని ఎన్నుకొనుటకు మాత్రము సముద్రములు దాటి రావలెను. ఫ్రాన్సువారు విదేశములందలి తమ పౌరుల కొరకు దిగువసభలో పదునొకండు స్థానములను ప్రత్యేకించిరి. ఐర్లండువారు దేశము విడిచిపోయినవానికి సాధారణముగా ఓటు లేదని ముఖముననే చెప్పిరి. రెండును రెండు తీరుల మర్యాదలు. ఇచ్చితిమని చెప్పి ఈయకుండుట యను మూడవ మర్యాదకు ఆద్యులము మనమే కావచ్చును.

సొంత తీరమున బోటు నిలుపుకొన జెట్టీ లేక గుజరాతులోని వేరావలు పోయి కూలికి వేటాడు మన మత్స్యకారులు కొందరు 2018 నవంబరులో పాకిస్థానువారికి పట్టుబడి, 2019 ఏప్రిల్ 11 నాటి పోలింగునకు కరాచీ చెరసాలలో నుండిరి. 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలైరి. వారు ప్రవాసులా, ఉద్యోగులా, గైరుహాజరైనవారా యని ఏ జాబితాయు తేల్చలేదు. వారి కథ 2025లో ‘తండేల్’ అను సినిమాగా వచ్చినప్పుడు మేమందరము టిక్కెట్టు కొరకు వరుసలో ఓపికగా నిలిచితిమి.

ఓటు ఇట్లు విమానయాన సంబంధమైన వస్తువైపోయినది గాన, దీనిని న్యాయశాఖ నుండి తప్పించి విమానయాన శాఖకు అప్పగించుట ఉచితమని నా మనవి. దైవవశమున 2024 జూన్‌లో ఆ శాఖ మన శ్రీకాకుళము ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడుగారికే దక్కినది. భోగాపురము విమానాశ్రయమునకా, 2019లో ఒక ముఖ్యమంత్రియు, 2023లో మరియొక ముఖ్యమంత్రియు శంకుస్థాపనలు గావించిరి గనుక పునాది బలమునకు లోటు లేదు. ఎందరెక్కినను మరియొకనికి చోటుండునని పెద్దలు చెప్పు పుష్పక విమానమును పోలింగుకు రెండు దినముల ముందు దోహా, దుబాయి, మస్కట్టుల మీదుగా త్రిప్పి ఇక్కడ దింపినచో చాలును. హైదరాబాదు నుండి బస్సుల నిండ ఓటర్లను తెచ్చు పార్టీలవారు ఈపాటి ఖర్చునకు వెనుదీయరు. ఒక్కటే సందేహము: ఆ పుష్పకము మొదట కుబేరునిది, పిదప రావణునిది, చిట్టచివర గాని రాముని కాలు దానిపై మోపబడలేదు. మనకది ఏ ఘట్టమున దొరకునో చెప్పజాలను.

ఈ మనవికి బలముగా ఒక సాక్ష్యము దొరకునేమోయని ఉద్దానమున కవిటి దాపునగల పల్లెకు పోయితిని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటను నేలగూల్చిన పిమ్మట ఒక్కగానొక్క కొడుకును గల్ఫునకు పంపిన తల్లి, అరుగు మీద చాట ముందు పెట్టుకొని జీడిపప్పు పొట్టు తీయుచుండెను. నీ కొడుకు ఓటు సంగతి యేమని అడిగితిని.

“ఏసీసినాడు బాబూ.”

సెలవు మీద వచ్చెనా యని సంతోషముతో అడిగితిని.

“ఆడెక్కడొచ్చినాడు! ఆడి పాస్‌పోర్టు కంపినీవోడి బీరువాలో ఉంది. నాను బూతుకెల్లినేటప్పటికే ఆడి ఓటు ఎవులో ఏసీసినారు. అన్నేయం సెప్పకూడదు బాబూ, ముందుసారి రేతిరి వొచ్చినోల్లు మా ఇంటికి మూడోట్లని సెప్పి మూడింటికీ ఇచ్చినారు.”

ప్రవాసి తరఫున స్వదేశమందలి మరియొకడు ఓటు వేయవచ్చునను బిల్లును 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించినది. 2019లో సభ రద్దగుటతో అది రాజ్యసభ గడప దాటకయే కాలధర్మము చెందినది. ఢిల్లీలో గతించిన ఆ బిల్లు, నిక్షేపమువంటి ఆరోగ్యముతో, ఈ పల్లెలో సంసారము చేయుచున్నదని నాకు అప్పుడు తెలిసినది.

ఇట్టి అక్రమమునకు తావులేకుండ నీ కొడుకును ప్రవాస ఓటరుగా నమోదు చేయింతునని చెప్పి, 6ఎ ఫారమును తీసి ఆమెకు వివరించితిని. పాస్‌పోర్టు నకలు కావలెనంటిని. ఇప్పుడున్న ఓటరు కార్డును వాపసు చేయవలెననియు, ప్రవాస ఓటరుకు కార్డు ఈయరనియు, అతనికి పాస్‌పోర్టే గుర్తింపనియు చెప్పితిని.

ఆమె పొట్టు తీయుట ఆపెను.

“కార్డిచ్చీమంతారా?”

నిబంధన యట్లున్నదంటిని.

“పాస్‌పోర్టేమో ఆడికాడ. కార్డేమో మీకాడ. మరి మావోడికాడ ఏటుంతాది బాబూ?”

లోనికి పోయి, బియ్యపు డబ్బాలో నుండి ఒక ప్లాస్టిక్ సంచిని తీసి, అందులోని కార్డును నాకు దూరము నుండియే చూపి, బొమ్మ మీది ధూళిని కొంగుతో తుడిచి, మరల సంచిలో పెట్టి, డబ్బా మూత గట్టిగా బిగించెను. పిదప చాటను ముందునకు లాగుకొనెను.