విను, కానీ తెలుసుకోకు

బ్రిటన్‌లో కంట్రోల్ టవర్‌కూ పైలట్‌కూ మధ్య రేడియోలో సాగే సంభాషణను దారినపోయేవాడు వినడం నేరం. ఆ సంభాషణ పట్టే స్కానర్‌ను అమ్మడం నేరం కాదు, కొనడం నేరం కాదు, బ్యాటరీలు వేసి జేబులో పెట్టుకుని హీత్రో కంచె పక్కన నిలబడడమూ నేరం కాదు. ఏ టవర్ ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుందో అధికారిక ప్రచురణలోనే ఉంటుంది. ఇన్ని సౌకర్యాలు సమకూరిన తర్వాత చట్టం చిట్టచివర ఒక్క అవయవానికి మాత్రం ప్రవేశం లేదంటుంది.

ఈ మాటలు నడిచేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే ఎఫ్ఎం పాటల స్టేషన్లకు కాస్త పైన. పద్ధతి పాతకాలపు ఏఎం. రహస్య సంకేతాలేవీ ఉండవు. దీనికి కారణం పిసినారితనం కాదు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న పైలట్లందరూ ఒకరి మాట ఒకరు వినాలి. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదని వెనక వచ్చేవాడికి తెలియాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏఎంలో కీచుమంటుంది, మాట కలగాపులగమైందని అందరికీ అర్థమవుతుంది. ఎఫ్ఎంలో అయితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది. ఏ దేశపు విమానం వచ్చినా వినగలగాలి కనుక ఈ తలుపుకు తాళం వేసే వీల్లేదు. తాళం లేని ఆ తలుపుకు కాపలా పెట్టిందే 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, 48వ సెక్షన్. అంతకుముందు ఆ ఉద్యోగం 1949 చట్టం చేసేది.

తనకు ఉద్దేశించని సందేశంలో ఏముందో, ఎవరు పంపారో, ఎవరికి పంపారో తెలుసుకోవాలన్న ఉద్దేశంతో రేడియో వాడడం ఆ సెక్షన్ ప్రకారం నేరం. విన్నది ఇంకొకరికి చెప్పడమూ నేరమే. శిక్ష జరిమానా, ఒకప్పుడు 5,000 పౌండ్లు దాటకూడదనేవారు, 2015 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ గరిష్ఠ పరిమితి కూడా లేదు. నేరమంతా ఉద్దేశంలోనే ఉంది కనుక, అర్థం జోలికి పోకుండా శబ్దాన్ని మాత్రమే ఆస్వాదించి ఇంటికి వెళ్లినవాడు నిర్దోషి అని వాదించవచ్చు. కంట్రోలర్లు మాట్లాడే వేగాన్ని బట్టి చూస్తే చాలామంది శ్రోతలకు ఈ వాదన అప్రయత్నంగానే వర్తిస్తుంది.

అందరూ వినదగిన ప్రసారాల జాబితా ఒకటి రేడియో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దగ్గర ఉంది. లైసెన్సున్న రేడియో స్టేషన్లు, హ్యామ్, సిటిజన్స్ బ్యాండ్, వాటితో పాటు వాతావరణ, నావిగేషన్ ప్రసారాలు అందులో ఉన్నాయి. కాబట్టి పడమటి నుంచి 12 నాట్ల గాలి వీస్తోందని వాతావరణ ప్రసారం చెబితే పౌరుడు నిశ్చింతగా విని తల ఊపవచ్చు. అదే గాలిని, అదే నిమిషంలో, దిగడానికి అనుమతి ఇస్తూ కంట్రోలర్ పైలట్‌కు చెబితే మాత్రం చెవులు మూసుకోవాలి. వీచే గాలి ఒక్కటే. రెండో సందేశానికి చిరునామా ఉంది.

ఇలాంటి చట్టం అక్కర్లేదని కొట్టిపారేయడానికీ లేదు. అనలాగ్ మొబైల్ ఫోన్ల రోజుల్లో స్కానర్ ఉన్నవాడు ఇరుగుపొరుగుల కాపురాలు వినగలిగేవాడు. ఔత్సాహికుల స్కానర్లకు చిక్కిందంటూ యువరాణి డయానా ఫోను సంభాషణ 1992 ఆగస్టులో సన్ పత్రికకు ఎక్కింది. అక్కడ మాట్లాడుకున్న ఇద్దరూ ఏకాంతంలో ఉన్నామనుకున్నారు. ఎత్తు, దిశ, వాయుపీడనం, తర్వాతి ఫ్రీక్వెన్సీ చెప్పించుకుని వీడ్కోలు పలికే పైలట్‌కు ఆ భ్రమ ఉండదు; నలుగురూ వింటున్నారనే ధైర్యంతోనే అతను మాట్లాడతాడు.

భద్రత అనేది మరో వాదన. విమానాన్ని కూల్చడానికి బయలుదేరినవాడు 48వ సెక్షన్ చదివి, జరిమానాకు జంకి, స్కానర్ కట్టేస్తాడన్న నమ్మకమే దీనికి ఆధారం. నిజమైన ప్రమాదం వినడంలో కాదు, దొంగగొంతుతో ఆదేశాలు ప్రసారం చేయడంలో ఉంది. దాన్ని శిక్షించడంపై ఎవరికీ పేచీ లేదు. ఈలోగా విమానం తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో 1090 మెగాహెర్ట్జ్‌లో తానే చాటుకుంటోంది. ఔత్సాహికుల డాబాల మీది రిసీవర్ల నుంచి ఆ వివరాలను పోగుచేసి ఫ్లైట్‌రాడార్24 ప్రపంచమంతటికీ ఫోన్లలో చూపిస్తోంది. విమానం కిందికి దిగడాన్ని కళ్లారా చూడవచ్చు, ‘దిగు’ అన్న మాట మాత్రం రాజరహస్యం.

అమెరికా వేరే దారి పట్టింది. ఫోన్ల గోప్యత కోసం 1986లో చేసిన చట్టంలోనే నౌకల, విమానాల రేడియో సంభాషణలకు మినహాయింపు రాసుకుంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అయితే సీటు దగ్గరి హెడ్‌ఫోన్‌లో 9వ ఛానల్ మీద ఈ మాటలనే ప్రయాణికులకు వినోదంగా వడ్డించింది. ఏ దేశపు గగనతలంలో హెడ్‌ఫోన్ తీసేయాలన్నది ప్రయాణికుడి విజ్ఞతకే వదిలేసిందనుకోవాలి. లైవ్‌ఏటీసీ వెబ్‌సైట్ న్యూయార్క్ టవర్‌ను లండన్‌లోని వంటింట్లో వినిపిస్తుంది. ఆ వంటింటి మీదుగా వెళ్లే విమానాన్ని వినిపించదు; దాని జాబితాలో బ్రిటన్ లేదు.

భారత్‌కు బ్రిటిష్‌వారు ఇచ్చిన 1933 నాటి చట్టంలో ఇంత మెలిక లేదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ యంత్రం దగ్గరుంటేనే నేరం. పాటలు వినే రేడియోకూ 1980ల దాకా పోస్టాఫీసులో రుసుము కట్టించుకున్నారు. దాని స్థానంలోకి వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ రేడియో పరికరం ఉంచుకోవడానికి అనుమతి అడుగుతుంది. శంషాబాద్ కంచె దగ్గర కెమెరాతో పాటు స్కానర్ పట్టుకుని నిలబడే కుర్రాడు ఉద్దేశాల గురించి మథనపడనక్కర్లేదు.

వినడాన్ని నిషేధించడానికి చెప్పే కారణాల్లో, ప్రమాదం జరిగిన గంటలోనే కంట్రోలర్ గొంతు టీవీలో మోగితే దర్యాప్తు కంటే ముందు తీర్పు వస్తుందన్న భయం ఒక్కటే గట్టిది. అయితే చెవులు మూసినంత మాత్రాన తీర్పు ఆగడం లేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన తర్వాత పైలట్ చివరి మాటలంటూ రకరకాల వాక్యాలు చానళ్లలో తిరిగాయి. పైలట్లలో ఒకరు చివరగా టవర్‌తో అన్నదిగా దర్యాప్తు ప్రాథమిక నివేదికలో ఉన్నది ‘మేడే’ అన్న ఒక్క మాట, మూడుసార్లు.

ఉత్తర అట్లాంటిక్ మీద ఇప్పుడు చాలా ఆదేశాలు డేటాలింక్ ద్వారా అక్షరాల్లో వెళ్తున్నాయి. విమానాశ్రయాల దగ్గర, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం టైపు చేసేంత తీరిక ఉండదు, గొంతే వాడాలి. హీత్రో కంచె దగ్గర నేరం చేసే అవకాశం ఇంకా కొన్నేళ్లు ఉంటుంది.