నా కంటికి వేగం తెలియదు

నేనొక సీసీ కెమెరాను. హైవే పక్క మందుల షాపు షట్టరు పైన ఉంటాను. మెట్ల ముందు నిలిపిన బైకులు పోకుండా చూడమని మా ఓనరు నన్నిక్కడ బిగించారు. రోడ్డు నా డ్యూటీ కాదు. ఓ మూలన కనబడుతుందంతే.

ఆ మూలనే ఒక సాయంత్రం కారొకటి స్కూటరును గుద్దింది. కుర్రాడి కాలు విరిగింది. "నూట ఇరవైకి తగ్గదు" అన్నారు టీకొట్టు దగ్గరివాళ్లు. "నలభై దాటలేదు సార్" అన్నాడు డ్రైవరు. ఎస్సై గారు తలెత్తి నన్ను చూశారు.

నాకేం తెలుసు? సెకనుకు 25 ఫొటోలు తీయడం తెలుసు. పైగా నా బొమ్మలో దూరపువి చిన్నవవుతాయి, అంచుల్లో గీతలు వంగుతాయి. అందుకే ఫోరెన్సిక్ ల్యాబు మేడమ్ తెర మీద స్కేలు పెట్టలేదు, రోడ్డు మీద టేపు పరిచారు. తెల్లగీత మొదలు నుంచి జీబ్రా గీత అంచుకు 18 మీటర్లు. ముందు చక్రం ఆ దూరం దాటడానికి పట్టింది 20 ఫ్రేములు, అంటే 0.8 సెకను. గంటకు 81 కిలోమీటర్లు!

"అయిపోయినట్టేనా మేడమ్?" అన్నాడు కానిస్టేబుల్.

"అప్పుడేనా?" అంటూ ఆవిడ సాయంత్రం అదే వేళకు మళ్లీ వచ్చి, స్టాప్‌వాచ్ నా ముందు పట్టుకున్నారు. నిజంగా 25 తీస్తున్నానా అని నాకే పరీక్ష! రోషమొచ్చింది గానీ, న్యాయం ఆవిడదే. వెలుతురు తగ్గితే మాలో కొందరం నెమ్మదిస్తాం. నేను తీసింది 15 అయ్యుంటే అవే 20 ఫ్రేములకు వేగం 49కి పడిపోయేది.

పరీక్ష నెగ్గాను. అయినా రిపోర్టులో 81 అని ఒక్క అంకె వేయలేదు. చక్రం గీతను తాకింది రెండు ఫ్రేముల మధ్యన కావచ్చు గదా! ఒక ఫ్రేము అటూ ఇటూ చూసి 77 నుంచి 85 అని రాశారు. టీకొట్టు మాటా, డ్రైవరు మాటా రెండూ వీగిపోయాయి.

నా సాక్ష్యం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కావాలి. అన్నిటికన్నా ముందు ఫైలుండాలి. నా రికార్డింగు దాచే డీవీఆర్ నిండితే పాత రోజుల మీదే కొత్తవి ఎక్కిపోతాయి. షాపుల వాళ్లకు నా మనవి ఒక్కటే: మీ కెమెరాకు ప్రమాదం చిక్కితే తెరను ఫోనులో తీసి వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి. అసలు ఫైలును ఆ రోజే భద్రపరిచి పోలీసులకివ్వండి.