ఐదవ ఆశ్రమం

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని ధర్మశాస్త్రకారులు నాలుగు ఆశ్రమాలే చెప్పి ఊరుకోగా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసర గ్రామాల జూనియర్ పంచాయతీ కార్యదర్శులు ఐదవదానిలో కాలం గడుపుతున్నారని 2023 మేలో పంచాయతీరాజ్ శాఖ నోటీసుతో రూఢి అయింది. దాని పేరు ప్రొబేషన్, అనగా ఉద్యోగి పనికివస్తాడో లేదో తేల్చుకోవడానికి యజమాని పెట్టుకునే పరీక్షాకాలం. మే 9 సాయంత్రం 5 గంటల్లోగా సమ్మె మాని విధుల్లో చేరనివారిని తొలగిస్తామన్న ఆ కాగితాన్ని లోకులు బెదిరింపుగా చదివారు గాని, నిజానికి అది ఆశ్రమభ్రష్టుల ప్రాయశ్చిత్తానికి ప్రభుత్వం పెట్టిన ముహూర్తం.

ఈ ఆశ్రమప్రవేశానికి రాతపరీక్ష అర్హత. 2019 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా తొమ్మిది వేల మందికి పైగా 15,000 రూపాయల జీతంపై దీక్ష పుచ్చుకోగా, సంఘాల్లో చేరబోమని, సమ్మె చేయబోమని రాసిచ్చిన బాండే వారికి ఉపదేశమంత్రం అయింది. పొద్దున్నే మురుగుకాలువలను దర్శించి ఆ ఫొటోలను యాప్‌కు సమర్పించడం వారి నిత్యకర్మ. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం విధించింది కనుక, ఊళ్లో మొక్క వాడితే కార్యదర్శి కొలువూ వాడుతుంది. ఇతరులకు వైకుంఠధామాలు, అనగా శ్మశానవాటికలు, కట్టించడం వారి పుణ్యకార్యం. మూడేళ్ల దీక్షను నాలుగేళ్లకు పొడిగించి, జీతాన్ని 28,719 రూపాయలు చేశారు; ఆ నాలుగేళ్లూ 2023 ఏప్రిల్‌లో నిండినా మోక్షం, అనగా క్రమబద్ధీకరణ, లభించకపోవడంతో దీక్షాపరులు ఏప్రిల్ 28న సమ్మెకు దిగారు.

ఆశ్రమం నుంచి వెలివేసినవాడి గతి ఏమిటన్నది ఈ శాస్త్రంలో ఉత్తరకాండ. ఈఎస్ఐలోని అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కొలువు పోయిన కార్మికుడికి సగటు వేతనంలో సగాన్ని, 90 రోజులకు మించకుండా, జీవితంలో ఒక్కసారి ఇస్తుంది గాని, కనీసం రెండేళ్లు బీమాలో ఉన్నవారికే వర్తిస్తుంది కనుక, తొలి కొలువులో ఆరో నెలకే ఇంటికి పంపిన మిర్యాలగూడ రైసుమిల్లు గుమాస్తాకు అందదు. పంచాయతీ కార్యదర్శికైతే ఆ గడప తొక్కే వీలే లేదు. 2018 ఎన్నికల్లో నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి ఇస్తామన్న అప్పటి పాలకపక్షం 2019 ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో 1,810 కోట్లు రాసిపెట్టింది గాని, నాటి నుంచి ఆ భృతీ ప్రొబేషన్‌లోనే ఉండిపోయింది. కార్యదర్శుల గడువుకు ముందురోజు సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ దాన్ని 4,000 చేస్తానన్నది. చేతికి రాని భృతికి ఆ విధంగా ఇంక్రిమెంటు కూడా పడింది.

ప్రొబేషనర్‌కు పదవిపై హక్కు ఉండదన్నది నిజమే అయినా, తప్పు మోపి శిక్షగా తొలగించాలంటే విచారణ తప్పదని షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది. పని నచ్చక తీసివేయడం పరీక్షలో భాగం కావచ్చు. చెప్పిన గడువు దాటిందేమని అడిగినందుకు తీసివేస్తామనడాన్ని కూడా పరీక్ష పేరుతో చలామణీ చేయడం సిగ్గుమాలిన పని. చెత్త ఎత్తించినప్పుడు, పన్నులు వసూలు చేయించినప్పుడు, కరోనా కాలంలో వీధివీధినా మందు చల్లించినప్పుడు వీరి పనితనాన్ని శంకించని ప్రభుత్వానికి, వీరు నోరు తెరిచిన పదకొండు రోజులకే తొమ్మిది వేల కుటుంబాల కూడు లాక్కునే తెగువ వచ్చింది. కార్యదర్శుల పరీక్ష ఎన్నడో ముగిసింది. ఇవ్వవలసిన ఉత్తర్వును ఎగవేసి, అడిగినవారిపై కత్తి దూసినది ప్రభుత్వమే.