అలుగు పారింది, అడవిలోకి!

పుట్టపర్తి పక్కనే బుక్కపట్నం చెరువు. చిత్రావతి వస్తే నిండుతుంది, నిండితే అలుగు పారుతుంది. ఈ సంగతి గొర్రెలు కాసేవాడికీ తెలుసు. ఇదే ముక్కని ప్రాజెక్టు రిపోర్టు కోసం ఇంగ్లీషులో పెట్టమంటే మన సివిల్ ఇంజినీరింగ్ బాబు నిఘంటువు తిరగేస్తాడు. అలుగంటే ఒళ్లంతా పొలుసులతో చీమలు తినే జంతువు కూడా! ఇంకేం, చెరువులోంచి ‘పాంగోలిన్’ పరుగెత్తింది. కట్ట ‘బండిల్’ అయింది, తూము వడ్లు కొలిచింది. అలుగుని సీమ మాటలో ‘మరవ’ అని రాసుంటే ఏమయ్యేదో, మరవడమే మేలు.

ఇంగ్లీషులో మాటలు లేకనా? సర్‌ప్లస్ వియర్, బండ్, స్లూయిస్ అని నీటిపారుదల ఇంజినీర్లు బ్రిటిషు కాలం నుంచీ రాస్తూనే ఉన్నారు. చెరువంటే వాళ్లకి ‘ట్యాంక్’. ఆ మాట సరిగ్గా రాస్తే మాత్రం మేడమీది నల్ల డ్రమ్మనుకుని గైడు కొట్టేస్తాడు!

ఏఐసీటీఈ 2021లో బీటెక్‌ని తెలుగులోనూ చెప్పనిచ్చింది. సంతోషం. ఇక అనువాదాలు అటూ ఇటూ పారతాయి. ప్రొఫెసరుగారూ, రిపోర్టు మీద మీ సంతకానికి ముందు చెరువు నీళ్లు పంచే నీరుగంటి ఒకడి వేలిముద్ర వేయించండి.