సంతలో ముంగిస, ఫోనులో చూర్ణం

మా రోజుల్లో మోసం సంతకొచ్చేది. మంగళవారం మర్రిచెట్టు కింద గోనెపట్టా, ఒక పక్క బుట్టలో పాము, ఇంకో పక్క మేకుకు కట్టేసిన ముంగిస. ఇదిగో కొట్టుకుంటాయి, అదిగో కొట్టుకుంటాయి అని గారడీవాడు గంటసేపు నిలబెట్టేవాడు. అవి కొట్టుకోగా చూసినవాడు లేడు. ఈలోగా మూలశంకకీ, మధుమేహానికీ, మాట వినని మొగుడికీ ఒకటే తాయెత్తు, పావలా. పొడుగవుతానని నేనూ కొన్నాను. ఫలితం మా పెళ్ళిఫొటోలో ఉంది.

కానీ వాడు మళ్ళీ మంగళవారం అక్కడే దొరికేవాడు. మా బాబాయి ఒకసారి చొక్కా పట్టుకుని పావలా కక్కించాడు.

ఇలాంటి మాయమందుల ప్రకటనల మీద చట్టం అప్పుడూ ఉంది. నాదీ దానిదీ ఒకటే ఈడు, 1954. అమల్లోకి వచ్చింది మాత్రం 1955 ఏప్రిల్ 1న (ఆ తేదీ ఎంచిన మహానుభావుడెవరో!). అందులో 54 జబ్బుల పట్టిక. వాటిని నయం చేస్తామని ప్రకటనలిస్తే మొదటిసారి ఆరునెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ పట్టికలో షుగరుంది, మనిషి ఎత్తూ ఉంది. తాయెత్తులకూ మంత్రాలకూ వేరే సెక్షను. ఇలాంటి ప్రకటనలకు వాక్ స్వాతంత్ర్యం వర్తించదని 1959లోనే హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

తర్వాత తెలివి పెరిగింది. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందే అనుమతి ఉండాలని 2018లో 170వ నిబంధన పెట్టారు. దాన్ని పట్టించుకోవద్దని 2023లో ఆయుష్ శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. 2024 జులైలో తీసేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ తీసివేతను ఆపింది. 2025 ఆగస్టులో ఆ కేసే మూసేసింది. మా ఊరి తూము తలుపు కూడా ఇన్నిసార్లు ఎత్తి దించలేదు.

మొన్న షుగరు మాత్రల ధర ఫోనులో చూశాను, అంతే. అప్పట్నుంచి ఫోను ప్రకటనల్లో ఒక తెల్లకోటాయన వెంటపడ్డాడు, మాత్రలు చెత్తబుట్టలో పారేయమంటూ. ఆ కోటులో ఉన్నది డాక్టరో, యాక్టరో, అసలు మనిషో కాదో! అయినా ఆయన చూర్ణం డబ్బా తెప్పించాను. పద్దెనిమిది వందలు. నెలకి షుగరు దిగలేదు సరికదా, ఇంకో నలభై ఎక్కింది. డబ్బా మీది నంబరుకు ఫోన్ చేస్తే పాట వినిపిస్తోంది. ఎవరి చొక్కా పట్టుకోను?

మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది: "ఇంతకీ దీంతోనైనా పొడుగవుతారా?"